సైడ్ స్కర్టు వెనక దాచిన తుప్పు

మొన్న ఎండాకాలం జనగామ బైపాస్ పక్కనున్న నా షెడ్డు తాళంచెవులు కొత్తగా తీసుకున్నాయనకు అప్పగించి ఇంటికి వచ్చాను. అన్నం వడ్డిస్తూ మా ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఏందయ్యా, బాధపడుతవనుకుంటే పండ్లు కనబడంగ నవ్వుతున్నవు?" అంది. నిజమే, నాకు బాధ అనిపించలేదు. నలభై ఏళ్ళు కార్లకు, జీపులకు సొట్టలు తీసి రంగులు వేశాను. నా పని వల్ల ఎవరి ప్రాణమూ పోకుండా బయటపడ్డానన్న నిశ్చింతే ఆ రోజు మనసు నిండా ఉంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఒకసారి ఆ ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. తప్పు నాదే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు, అందులోనూ కార్ల రూపం మార్చే పని మీద మోజున్నవాళ్ళు, అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి ఏ స్ప్రే గన్ కొనాలి, ఏ కంపెనీ రంగు మంచిది అని అడుగుతుంటారు. అవి దుకాణంవాళ్ళు చెప్తారు. దుకాణంలో ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఇది రాస్తున్నాను.

అరచేతితో చూడటం

మాది నెల్లికుదురు దగ్గర ఒక పల్లె. పదో తరగతి తప్పాక మహబూబాబాద్‌లో రాజలింగం ఉస్తాద్ దగ్గర పనికి చేరాను. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. ఉస్తాద్ షెడ్డు రైలు పట్టాలకు అవతల ఉండేది. మనిషి పొట్టి, కోపం ఎక్కువ, మాట తక్కువ. సొట్ట తీసిన చోట గుంట పూడ్చే లప్పం పెట్టి, తడిపి రుద్దే గరుకు నీళ్ళ పేపర్‌తో రుద్ది, ఇక రంగే తరువాయి అని నేను అనుకునేసరికి వచ్చి, "కండ్లు మూసుకొని చెయ్యి పెట్టు. ఏడ లేస్తున్నదో చెప్పు" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని రేకు మీద అరచేయి జరిపేవాణ్ణి. మొదటి ఏడాదంతా నాకు ఏమీ తెలిసేది కాదు. రెండో ఏడాది ఒక రోజు బియ్యపు గింజంత ఎత్తు అరచేతికి తగిలింది. "ఈడ" అన్నాను. ఆ రోజు ఉస్తాద్ తన టిఫిన్‌లోంచి ఒక జొన్నరొట్టె తీసి నాకు ఇచ్చాడు.

ఆయన దగ్గర ఉండగా నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. కేసముద్రం మార్కెట్‌లో వడ్ల వ్యాపారం చేసే ఒకాయన నల్ల కారు మా దగ్గరికి వచ్చింది. ఉస్తాద్ బంధువుల ఇంట్లో చావుకు వెళ్ళాడు. బయట ముసురు పట్టి ఉంది. పని ఆపడం ఎందుకని నేనే గన్ పట్టి రంగు కొట్టేశాను. ఆరేసరికి కారంతా పాలు కలిపినట్టు తెల్లగా మసకబారింది. మర్నాడు ఉస్తాద్ వచ్చి చూశాడు. కొడతాడేమోనని రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన కారు యజమాని వైపు తిరిగి, "తప్పు నాది సేటు. నేను లేనప్పుడు పని బందు పెట్టమని చెప్పకపోతిని" అన్నాడు. యజమాని వెళ్ళాక నా చేతికి నీళ్ళ పేపర్ ఇచ్చాడు. మూడు రోజులు ఆ రంగంతా నేనే గీకాను.

ఆయన మీద నాకు ఎంత గౌరవమున్నా ఒక మాట చెప్పాలి. రంగు ఎందుకు మసకబారిందో ఆయన చెప్పలేదు. గాలిలో తేమ ఉంటే అట్లా అవుతుందని, ముసురులో ఆ రంగు కొట్టకూడదని చాలా కాలం తర్వాత రంగులో కలిపే థిన్నర్ అమ్మేవాడి దగ్గర తెలుసుకున్నాను. ఉస్తాద్ తరం వాళ్ళు చేయి పట్టి నేర్పించారు కాని నోరు తెరిచి చెప్పలేదు. మీ దగ్గరికి ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే, ఎందుకో కూడా చెప్పండి.

సత్తయ్య సేటు మాటలు

పెళ్ళయ్యాక జనగామ వచ్చి సత్తయ్య సేటు షెడ్డులో చేరాను. ఆయన గన్ పట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన పనంతా నోటితోనే. భూపాలపల్లి నుంచి ఒక యువ నాయకుడు కొత్త జీపు తెచ్చి, ముందర గేటంత ఇనుప గార్డు, అద్దాలకు నల్ల ఫిల్ము పెట్టించుకున్నాడు. మూడో రోజే పోలీసులు ఆపి రెండూ తీయించారు. అతను మా మీదికి కోపంతో వచ్చాడు. సేటు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అన్నా, నిజం చెప్పాలె. గా గార్డు తీసినంక బండి కలెక్టర్ బండి లెక్క కొడుతున్నది" అన్నాడు. అతను జీపును ఒకసారి, సేటును ఒకసారి చూసి, మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

రూపం మార్పించుకోవడానికి వచ్చే మనిషికి నిజంగా ఏం కావాలో పట్టుకోవడం నాకు సేటు దగ్గరే అబ్బింది. పెద్ద బంపర్ అడిగేవాడికి కావలసింది బంపర్ కాదు, ఊళ్ళో నలుగురూ తలతిప్పి చూడటం. అది తెలిస్తే చిన్న మార్పుతోనే అతన్ని సంతోషపెట్టవచ్చు.

కాని సేటు దగ్గరే ఇంకొకటీ నేర్చుకున్నాను. ఒక కారు అడుగున తుప్పు కనబడి ఆయనకు చూపిస్తే, "లోపల ఏమున్నదో మనకెందుకే మల్లేశం? మనం పెయింటరోళ్ళం, డాక్టర్లమా? పైకి మెరిస్తే చాలు" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ తర్వాత నా సొంత షెడ్డు పెట్టుకున్నాక కూడా ఆ మాట నాలోనే ఉండిపోయింది. పని తొందరలో ఉన్నప్పుడల్లా అది అక్కరకు వచ్చేది.

చిట్యాల నుంచి వచ్చిన ఎర్ర కారు

నేను పని మానేయడానికి కొన్నేళ్ళ ముందు సంగతి. ఒక పొద్దున షెడ్డు ముందు ఒక కారు ఆగింది. చుట్టుపక్కల దుకాణాల వాళ్ళంతా బయటికి వచ్చారు. రెండే తలుపులు, నడుము ఎత్తు కూడా లేదు, ముప్పై ఏళ్ళ నాటి జపాన్ స్పోర్ట్స్ కారు. దీపాలు బానెట్‌లోకి మునిగి ఉంటాయి, స్విచ్ వేస్తే కప్ప కళ్ళలాగా పైకి లేస్తాయి. రంగు ఎరుపే కాని ఎండకు కొన్నిచోట్ల నారింజ రంగులోకి తిరిగింది.

దిగినాయన నర్సింహారెడ్డి. చిట్యాలలో పత్తి, మిర్చి పండించే పెద్ద రైతు, ఊళ్ళో అందరికీ పటేల్, యాభై ఐదేళ్ళుంటాయి. చదువుకునే రోజుల్లో ఊళ్ళో మంగలి దుకాణం గోడకున్న క్యాలెండర్‌లో ఈ కారు బొమ్మ చూశాడట. అప్పటి నుంచి మనసులో పెట్టుకుని, హైదరాబాద్‌లో పాత కార్లు దాచుకునే ఒకాయన అమ్ముతున్నాడని తెలిసి కొనేశాడు. వెంట ఆయన కూతురు శ్రావ్య వచ్చింది. ఇంజినీరింగ్ అయిపోయి హనుమకొండలో ఉద్యోగం చేస్తోంది. చేతిలో కాగితాల కట్ట ఉంది. కారు బొమ్మలు ప్రింటు తీసి, ఏ భాగం ఎట్లా మారాలో వాటి మీద పెన్నుతో గీసుకొచ్చింది.

"ఎనుక పెద్ద రెక్క పెట్టాలె మల్లేశం. విమానం లెక్కుండాలె" అన్నాడు రెడ్డి.

"వద్దు నాయినా, గలీజుగ ఉంటది. డిక్కీ అంచు జర పైకి లేసినట్టు చిన్నగ చాలు" అంది శ్రావ్య.

"చిన్నదైతే ఎవలకు కనబడుతది?"

"కనబడేటోళ్ళకు కనబడుతది."

రెడ్డి నా వైపు చూశాడు. నేను అట్ట ముక్క తెచ్చి, ఆ అమ్మాయి చెప్పిన కొలతకు కత్తిరించి, టేపుతో డిక్కీ మీద అంటించాను. రోడ్డు అవతలికి వెళ్ళి చూడమన్నాను. ఆయన వెళ్ళి కాసేపు నిలబడి వచ్చి, "సరే, బిడ్డ చెప్పినట్టే కానియ్యి" అన్నాడు.

పని మొత్తం నిర్ణయమైంది. ముందు బంపర్ కింద పెదవిలాంటి అంచు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు పక్కలా ఫైబర్ తొడుగు, దీన్నే సైడ్ స్కర్ట్ అంటారు. వెనక రెక్కకు బదులు ఆ అట్ట ముక్క కొలతకే చిన్న స్పాయిలర్. ఒళ్ళంతా మళ్ళీ అదే ఎరుపు. రంగు మారిస్తే కాగితాల్లో రాయించాలి కాబట్టి పాత రంగే ఉంచమన్నాను. ముందు అంచును మాత్రం బొమ్మలో ఉన్నంత కిందికి దించనని పట్టుబట్టాను. "పంట కోసినంక మీ తొవ్వ పొడుగూత వడ్లు ఆరబోస్తరు బిడ్డా. బండి ముందర పార పెట్టినట్టయితది" అంటే ఆ అమ్మాయి పకపకా నవ్వి రెండు వేళ్ళు ఎత్తు పెంచడానికి ఒప్పుకుంది.

ఫైబర్ భాగాలు మహారాష్ట్ర నుంచి తెప్పించారు. కొత్తవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇవి పెట్టెలోంచి తీయగానే అతకవు. ఒకచోట వంకర, ఒకచోట పొడుగు. వేడి చేసి, గీకి, కోసి, కనీసం మూడుసార్లు బిగించి చూసుకున్నాకే రంగు కొట్టాలి. ముందే రంగు కొట్టి తర్వాత బిగించేవాళ్ళు రెండుసార్లు పని చేస్తారు.

డ్రిల్లు దిగబడిన చోటు

ఆదివారం హైదరాబాద్‌లో పాత కార్ల మేళా ఉంది. కారు అక్కడికి వెళ్ళాలి. బుధవారం పొద్దున ఎడమ పక్క స్కర్టు బిగించడానికి తలుపు కింది ఇనుప పట్టీకి డ్రిల్లు ఆనించాను. రేకు మీద డ్రిల్లు కాసేపు గిర్రున తిరిగి, ఆ తర్వాత దిగాలి. ఇది బెల్లంలో దిగినట్టు దిగింది. తీసి చూస్తే రంధ్రంలోంచి ఎర్రటి పొడి రాలింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పిడి దాకా పోయింది. పైన ఎవరో ఎప్పుడో మందంగా లప్పం పెట్టి రంగు వేశారు. లోపల మూరెడు పొడుగునా ఇనుము తినేసి ఉంది. కుడి పక్క చూస్తే అక్కడా ఉంది, కాస్త తక్కువ.

ఆ పట్టీ ఊరికే అందం కోసం పెట్టింది కాదు. ఇట్లాంటి కారుకు విడిగా చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, ఆ పట్టీలే బరువు మోస్తాయి. జాకీ పెట్టేది కూడా దాని కిందే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అప్పుడే ఫోన్ చేసి చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. రెడ్డి తిడతాడనే భయం కాదు. అన్నేళ్ళలో అట్లాంటి కారు నా చేతికి రాలేదు, మళ్ళీ వస్తుందని లేదు. హైదరాబాద్ వాళ్ళంతా దాని చుట్టూ తిరిగి, ఈ పని ఎవరు చేశారని అడగాలి, జనగామలో మల్లేశం అని చెప్పాలి. ఆ గొప్ప కోసం ఫైబర్ పట్టి అతికించాను, దాని మీద లప్పం పెట్టాను, పైన స్కర్టు కప్పి గమ్‌తో, స్క్రూలతో బిగించాను. మేళా అయ్యాక పిలిపించి చెప్దామనుకున్నాను. మా పనిలో ఈ "తర్వాత చెప్దాం" అన్నమాటే అన్నిటికంటే చెడ్డది. అబద్ధం ఆడుతున్నామని తెలిస్తే కనీసం సిగ్గుపడతాం. తర్వాత చెప్దామనుకుంటే ఆ సిగ్గు కూడా ఉండదు.

శనివారం తండ్రీకూతుళ్ళు వచ్చారు. బయట ఎండలో కారు కుంకుమ రాశిలాగా ఉంది. రెడ్డి చుట్టూ తిరిగి తిరిగి, స్కర్టు మీద చేయి వేసి, "ఏం చేసినవే మల్లేశం!" అన్నాడు. నేను నవ్వాను గాని ఆయన చేయి ఉన్న చోటు వైపు చూడలేకపోయాను.

రఘునాథపల్లి దాటాక

కారు ఆ రాత్రికి చిట్యాలలో ఉండి, ఆదివారం పొద్దున్నే మా జనగామ మీదుగా మేళాకు బయలుదేరింది. ఎనిమిదిన్నరకు షెడ్డులో దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తుంటే ఫోన్ మోగింది. శ్రావ్య.

"అంకుల్, రఘునాథపల్లి దాటినం. ఎడమ దిక్కు ముంగటి టైరు పంచరైంది. జాకీ పెట్టి టైరు తీసినం గని, లోపల కరకరమని చప్పుడొస్తున్నది. స్కర్టు పగులుతదా?"

జాకీ ఎక్కడ ఆనించి ఉంటారో నాకు వెంటనే తెలిసిపోయింది. "మీ నాయిన ఏడున్నడు?"

"చప్పుడు ఏడికెళ్ళి వస్తుందో చూస్తా అని కిందికి తల పెట్టిండు."

"బయటికి రమ్మను! ముందుగాల బయటికి రమ్మను బిడ్డా, నీ కాల్మొక్కుత!"

అటు పక్క ఆమె కేక వినబడింది. "నాయినా, లే! లే జల్ది!" ఆయన "ఏందే" అనడం వినబడింది. ఇంకోసారి గట్టిగా అరిచింది.

"వచ్చిండు అంకుల్."

"తీసిన టైరు ఏడుంది? దాన్ని పండబెట్టి బండి కిందికి తొయ్యి. చెయ్యి లోపలికి పోనియ్యకు. కాలుతోని తొయ్యి."

టైరు రోడ్డు మీద ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ఎండిన కర్ర విరిగినట్టు ఒక చప్పుడు, దాని మీద దబ్బుమని ఇంకొకటి. తర్వాత ఏమీ వినబడలేదు. రోడ్డు మీద లారీలు పోతున్న మోత మాత్రమే. ఆ రెండు మూడు క్షణాల్లో నేను దేవుణ్ణి ఏమేం అడిగానో నాకు గుర్తు లేదు. చేతిలో అగరుబత్తి వేలిదాకా కాలింది, అదీ తెలియలేదు.

"అంకుల్..." అంది ఆమె. "బండి పడ్డది. టైరు మీద ఆగింది."

"నాయిన?"

"నా పక్కకే ఉన్నడు."

నేను నేల మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. కాసేపటికి లేచి, షెడ్డు తెరిచి ఉండగానే బండి తీసుకుని వెళ్ళాను.

రోడ్డు పక్కన కారు ఒక మూల వంగి, టైరు మీద ఒరిగి ఉంది. జాకీ తల ఇనుప పట్టీని చీల్చుకుని పైకి దిగబడిపోయింది. స్కర్టు రెండు ముక్కలై కింద వేలాడుతోంది. రెడ్డి కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా భుజాల దాకా మట్టి. నన్ను చూసి, "జాకీ జారినట్టుంది మల్లేశం. రోడ్డు గూడ జర ఏటవాలున్నది" అన్నాడు.

నాకు తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. ఔను పటేలా, జాకీ జారింది, పాత బండి కదా అంటే అయిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కాని ఆయన భుజం మీది మట్టి చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"జాకీ జారలే పటేలా. బండి కింది పట్టీ కుళ్ళింది. స్కర్టు పెట్టేటప్పుడే నాకు తెలిసింది. చెప్పక మీదికెళ్ళి కప్పిన."

ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు.

"తెలిసే కప్పినవా?"

"ఆ."

"నా బిడ్డ కూసున్నది గదా గిండ్ల." ఆయన గొంతు పెద్దగా లేవలేదు. లేచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. "నీ చేతిల పెట్టి పోయిన గదా మల్లేశం."

శ్రావ్య వంగి ఆ చీలికలోకి చూస్తోంది. తల ఎత్తకుండానే, "కుడి దిక్కు గూడ గిట్లనే ఉన్నదా?" అని అడిగింది.

"జర తక్కువ. గని ఉన్నది."

"బాగైతదా?"

"అయితది బిడ్డా. కోసి కొత్త రేకు పెట్టాలె. ముందే చెయ్యవలసిన పని."

రెడ్డి మా ఇద్దరినీ వదిలి రోడ్డు దాటి అవతల హోటల్ వైపు వెళ్ళిపోయాడు. ఇక నా ముఖం చూడడనుకున్నాను. పావుగంట తర్వాత మూడు కాగితపు కప్పుల్లో చాయ్ తీసుకుని వచ్చాడు. ఒకటి నా ముందు పెట్టాడు. "తాగు. వేలు గూడ కాల్చుకున్నవు" అన్నాడు. ఆ తర్వాత రికవరీ బండికి ఫోన్ చేశాడు.

తెరిచి చూపించడం

కారు మేళాకు వెళ్ళలేదు, జనగామకే వచ్చింది. వేరే ఎక్కడికైనా తీసుకెళ్ళమని నేనే అన్నాను. శ్రావ్య ఒప్పుకోలేదు. "ఏడ కప్పినవో నీకే తెలుసు గద అంకుల్. నువ్వే తియ్యాలె. మా ముంగట తియ్యాలె" అంది.

అట్లాగే తీశాను. రెండు స్కర్టులూ ఊడదీసి, నేను పెట్టిన లప్పం, నాకంటే ముందు ఎవరో పెట్టిన లప్పం గీకి, ఇనుము బయటపడేదాకా వాళ్ళ ముందే శుభ్రం చేశాను. ఏ చోటును కోయాలో సుద్దతో గీత గీశాను. శ్రావ్య ప్రతిదాన్నీ ఫోటో తీసుకుంది. కోసేముందు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాం, లేకపోతే బాడీ నడుము దగ్గర వంగిపోతుంది. నాకు వెల్డింగ్ అంత బాగా రాదు. ఆ సంగతీ వాళ్ళతో చెప్పి, హనుమకొండ నుంచి మంచి వెల్డర్‌ను పిలిపించాను. లోపలికి పోయిన నీళ్ళు నిలవకుండా కింద చిన్న రంధ్రాలు పెట్టాం. పగిలిన స్కర్టును అతికి, ఈసారి గమ్ వాడకుండా బోల్టులతో బిగించాను. ఎవరైనా ఎప్పుడైనా విప్పి లోపల చూసుకోవచ్చు.

రెండు నెలలు పట్టింది. శ్రావ్య సెలవు రోజుల్లో వచ్చి పక్కన కూర్చునేది. మొదట్లో ప్రశ్నలు తప్ప వేరే మాటలు ఉండేవి కావు. ఒక రోజు అరచేత్తో రేకును ఎట్లా చూడాలో అడిగింది. కళ్ళు మూసుకొమ్మన్నాను. మూడో ప్రయత్నంలోనే "ఈడ" అంది. నాకు ఏడాది మీదనే పట్టింది బిడ్డా అంటే అప్పుడు నవ్వింది. రెండు నెలల్లో అదే ఆమె మొదటి నవ్వు.

పని అయిపోయిన రోజు రెడ్డి ఒక్కడే వచ్చాడు. మెరుపు వంక చూడలేదు. కారును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టమన్నాడు. నిలబెట్టాను. చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనియన్ మీదే నేల మీద పడుకుని, మెల్లగా కారు కిందికి జరిగాడు. ఆయన పాదాలు మాత్రమే బయట కనబడుతున్నాయి. నేను వంగి స్టాండ్లను ఇంకోసారి చూసుకున్నాను. కింద నుంచి ఇనుము మీద వేళ్ళతో తడుతున్న చప్పుడు వచ్చింది, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా. ఆ తర్వాత ఆయన గొంతు వినబడింది.

"మల్లేశం, ఈడ బోల్టు ఒకటి జర లూజున్నది. పానా ఇయ్యి."

పానా ఆయన చేతికి ఇచ్చాను. ఆ రెండు నెలల్లో నాకు ఊపిరి సరిగ్గా ఆడింది అప్పుడే.

మిగతా బండ్లు

అంతటితో అయిపోయిందని నా మనసు ఒప్పుకోలేదు. ఎర్ర కారు ఒక్కటే కాదు కదా. సేటు మాట పట్టుకుని ఇంకా ఎన్ని కప్పానో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. నాలుగు బండ్లు గట్టిగా గుర్తొచ్చాయి. ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్ళాను.

జనగామ కారు ఒకటి ఎప్పుడో తుక్కుకు పోయిందట. కేసముద్రం కారు ఆ వడ్ల వ్యాపారిది కాదు, వేరే ఆయనది; ఆయన నేను చెప్పింది విని, "గది నాలుగేండ్ల కిందనే బయటపడ్డదే, ఖమ్మంల బాగు చేయించిన. గిది చెప్పెతందుకు ఇంతదూరం వచ్చినవా?" అని ఆశ్చర్యపోయి అన్నం పెట్టి పంపాడు. భూపాలపల్లిలో కారున్న ఇంకొకాయన మాత్రం తలుపు దగ్గరే నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. విన్నాను. తిట్టాక కారు పంపాడు, బాగు చేసి ఇచ్చాను.

నాలుగోదాని గురించే నాకు అసలు భయం. నెల్లికుదురు అవతల వీరన్న అనే డ్రైవర్ జీపు అది. మిర్చి ఏరడానికి ఆడవాళ్ళను చేన్లకు తీసుకెళ్ళేది. లోపల నిండిపోతే వెనక ఎక్కడానికున్న పలక మీద నలుగురైదుగురు నిలబడి, పైన కడ్డీ పట్టుకుని పోయేవాళ్ళు. ఆ పలక కింద తుప్పు పట్టి ఉంటే నేను పైన చారల రేకు ఒకటి పరిచి, నల్ల రంగు వేసి ఇచ్చాను. వీరన్న కూడా చూసి మెచ్చుకున్నాడు. బస్సు దిగి ఆ ఊరి వైపు నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతి జీపు వెనక పలక మీదికే నా చూపు పోయింది.

వీరన్న ఇంట్లో లేడు. ఆయన భార్య ఎల్లక్క వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నేను ఎవరో చెప్పి, "అక్కా, జీపు ఏడున్నది?" అని అడిగాను.

"ఏ జీపు? గదా? నడవక మూడేండ్లాయె. ఇంజన్ పోయింది" అని పెరటి వైపు చేయి చూపించింది.

"దాని మీదికెళ్ళి ఎవలన్న పడ్డరా అక్కా? దెబ్బలు తాకినయా?"

"ఎవలు పడలే. ఏమాయె అన్నా, గట్ల చెమటలు పోస్తున్నయి నీకు?"

చెప్పాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ శ్రద్ధగా విని, "దా, నువ్వే చూద్దువు" అని పెరట్లోకి తీసుకెళ్ళింది. జీపు కానుగ చెట్టు కింద, నాలుగు చక్రాలూ భూమిలోకి దిగబడి ఉంది. వెనక తలుపు తీసేసి వల కొట్టారు. లోపల సీట్ల మీద గడ్డి, గడ్డి మీద కోళ్ళు.

"జర పైలం, గుడ్లున్నయి" అంది ఎల్లక్క, వల విప్పి పక్కకు జరుగుతూ.

నేను ఆ పలక మీద కాలు పెట్టి, లోపలికి తొంగి చూద్దామని బరువు మోపాను. చారల రేకు పక్కకు జరిగి, పలక ఫట్‌మని విరిగింది. మోకాలి దాకా కాలు దిగబడిపోయింది. కోళ్ళన్నీ గోలగోలగా అరుస్తూ నా తల మీదుగా బయటికి ఎగిరాయి. ఎల్లక్క పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టుకుంది. పిక్క గీరుకుపోయి రక్తం కారుతోంది. నేను మాత్రం, అది విరిగింది నా కాలి కిందే కదా అని, ఆ విరిగిన పలకలోంచి కాలు తీయకుండా, ఒళ్ళంతా కోడి ఈకలతో, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.